మోటర్‌హోమ్ వెనక ఫోర్ వీల్ డ్రైవ్ జీపు: "న్యూట్రల్‌లో పెట్టి లాగెయ్" అంటున్నారు, అంతేనా?

ప్రశ్న: ఇల్లూబండీ

పోయిన నెల ఒక పాత మోటర్‌హోమ్ కొన్నాం. నడిపేది నేను, దారి చూసేది మా ఆవిడ. రెండు ట్రిప్పులు తిరిగేసరికే ఒక సంగతి అర్థమైంది. ఒకచోట ఆగి, బండిని లెవెల్ చేసి, నీళ్ళ పైపూ కరెంటు వైరూ తగిలించుకుని స్థిరపడ్డాక ఒక మందుబిళ్ళ కావాలన్నా మళ్ళీ అన్నీ పీకి ఇల్లు ఇల్లంతా రోడ్డెక్కించాలి. అందుకని మా జీపుని వెనక కట్టుకుని తీసుకెళ్దామని అనుకుంటున్నాం.

జీపు ఆటోమేటిక్. ఫోర్ వీల్ డ్రైవ్‌కి పక్కన విడిగా చిన్న లివర్ ఉంది. దాని మీద టూ హై (రెండు చక్రాలకే శక్తి), ఫోర్ హై (నాలుగింటికీ), ఎన్ (న్యూట్రల్), ఫోర్ లో (నాలుగింటికీ, తక్కువ వేగానికి) అని ఉంటాయి. వేబ్రిడ్జ్ మీద తూయించాను, 1,950 కిలోలు వచ్చింది. మోటర్‌హోమ్ ప్లేటు మీద దాని సొంత గరిష్ఠ బరువు 9,979 కిలోలు, వెనక లాగేదానితో కలిపి 11,793 కిలోలు అని ఉంది. వెనక ఉన్న హిచ్ (లాగేదాన్ని తగిలించే కొక్కెం) మీద 2,268 అని రాసుంది. అంటే జీపు బరువు దానికి లోపలే ఉంది కదా, ఇబ్బంది ఉండదనే అనుకుంటున్నాను.

నా అయోమయం వేరే. ఒక స్నేహితుడు "గేరు న్యూట్రల్‌లో పెట్టి, నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి లాగెయ్" అన్నాడు. ఇంకొకాయన ముందు రెండు చక్రాలూ పైకెక్కించే డాలీ ఇస్తానంటున్నాడు. మోటర్‌హోమ్ అమ్మినాయనైతే "వెనక జీపు ఉన్న సంగతే నీకు తెలీదు, విడిగా బ్రేకులు దండగ" అన్నాడు. ముగ్గురూ అనుభవం ఉన్నవాళ్ళే. ఎవరి మాట వినాలి?

జవాబు 1: గ్రీజుచేతులు

ముగ్గురి మాటా వినకండి.

నేను గేర్‌బాక్సులు విప్పే పనిలో ఉన్నాను. మీ స్నేహితుడు చెప్పినట్టు చేసిన బండ్లు నా దగ్గరికి వస్తుంటాయి. బోల్టులు విప్పకముందే, ఆయిల్ వాసన చూస్తేనే సంగతి తెలిసిపోతుంది. మాడిన వాసన. ఓనరు మాత్రం "న్యూట్రల్‌లోనే పెట్టానండీ" అని ఒట్టేసి చెబుతాడు. ఆయన అబద్ధమాడటం లేదు. మీ జీపులో న్యూట్రల్‌లు రెండున్నాయి, ఆయన పెట్టింది పెట్టాల్సినది కాదు.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్‌ని తిప్పే పంపు ఇంజన్‌తోనే తిరుగుతుంది. ఇంజన్ ఆపేసి, గేరు మాత్రం ఎన్‌లో పెట్టి లాగారనుకోండి. చక్రాలు షాఫ్టుని తిప్పుతాయి, షాఫ్టు గేర్‌బాక్స్ వెనక భాగాన్ని తిప్పుతుంది, పంపు మాత్రం నిద్రపోతుంటుంది. ఆయిల్ అందని భాగాలు గంటకు 90 కిలోమీటర్ల వేగంతో గంటలకొద్దీ తిరిగితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. మాన్యువల్ గేరు బండి కదా, మాకేం కాదని కొందరు ధైర్యం చెప్పుకుంటారు. చాలా మాన్యువల్ గేర్‌బాక్సుల్లో కింది షాఫ్టు తిరిగి ఆయిల్‌ని పైకి చిమ్మితేనే పై బేరింగులకి తడి అందుతుంది. ఇంజన్ ఆగి ఉంటే ఆ కింది షాఫ్టు తిరగదు. దాని ఖర్మా అంతే.

మీకు కావలసింది చిన్న లివర్ మీద ఉన్న ఎన్. అది ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్. ట్రాన్స్‌ఫర్ కేస్ అంటే గేర్‌బాక్స్ నుంచి వచ్చే శక్తిని ముందు, వెనక చక్రాల షాఫ్టులకి పంచే పెట్టె. దాంట్లో పెడితే గేర్‌బాక్స్‌కీ షాఫ్టులకీ మధ్య సంబంధం తెగిపోతుంది. చక్రాలూ షాఫ్టులూ వాటిమానాన అవి తిరుగుతాయి, గేర్‌బాక్స్ కదలదు. మీ జీపులాంటి వాటిలో ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ పంపు సాధారణంగా వెనక షాఫ్టుతో తిరుగుతుంది. అందుకే లాగుతున్నంతసేపూ దానికి ఆయిల్ అందుతుంది.

ఇక్కడ చాలామంది తడబడేది ఇంకోటుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ ఎన్‌లో పెట్టాక పెద్ద గేరు లివర్‌ని పార్క్‌లో పెట్టాలి. "పార్క్‌లో పెట్టి లాగితే చక్రాలు పట్టేసుకోవా?" అని భయపడి దాన్నీ ఎన్‌లోనే ఉంచేస్తారు. ట్రాన్స్‌ఫర్ కేస్ లోపల ఆయిల్ చిక్కదనానికే గేర్‌బాక్స్ వెనక షాఫ్టు మెల్లగా తిరగడం మొదలుపెడుతుంది. పార్క్‌లో ఉంటే అది తిరగదు. మాన్యువల్ గేరు బండి అయితే గేరులో వేసి ఉంచాలి. జీప్ ర్యాంగ్లర్‌తో వచ్చే మాన్యువల్ పుస్తకం కూడా ఇదే చెబుతుంది.

వరస ఇలా ఉంటుంది. సమంగా ఉన్న నేల మీద ఆపండి. బ్రేకు మీద కాలుంచి గేరు ఎన్‌లోకి, ఇంజన్ ఆపి చిన్న లివర్ ఎన్‌లోకి. మళ్ళీ ఇంజన్ స్టార్ట్ చేసి రివర్స్‌లో వేసి, బ్రేకు మీంచి కాలు తీసి అయిదు సెకన్లు చూడండి. బండి కదలకూడదు. డ్రైవ్‌లో వేసి మళ్ళీ చూడండి. అప్పుడూ కదలకూడదు. ఆ తరవాత గేరు ఎన్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఇంజన్ ఆపి, పార్క్‌లో వేయండి. హ్యాండ్‌బ్రేక్ వదిలేది టో బార్ (జీపుని మోటర్‌హోమ్‌కి కలిపే కడ్డీ) తగిలించాకే. స్టీరింగ్ లాక్ పడకుండా తాళం సరైన చోట ఉండాలి. మీ మోడల్ మాన్యువల్‌లో ఒకటీ అరా తేడాలుంటాయి. అందులో 'వినోదయాత్రల్లో లాగడం' లాంటి పేరుతో ఒక భాగం ఉంటుంది, ముందు అది చదవండి. అక్కడ "లాగరాదు" అని ఉంటే ఇక ఎవరినీ అడగొద్దు.

ఆ అయిదు సెకన్ల పరీక్ష మాత్రం ఎగ్గొట్టకండి. లివర్ ఎన్ దగ్గర ఉండటం వేరు, లోపల గేరు నిజంగా విడిపోవడం వేరు. ఒకాయన ఫోర్ లోలో సగం పడిన లివర్‌తో, మాన్యువల్ బండిని ఫస్ట్ గేరులో ఉంచి లాక్కెళ్ళాడు. వెనక ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగిందో దేవుడికే తెలియాలి. లోపలి రాడ్డు ఇంజన్ బ్లాక్‌ని చీల్చుకుని బయటికొచ్చింది. ఆ బ్లాక్ ఇప్పటికీ మా షెడ్డులో మూల పడి ఉంది, కొత్త కుర్రాళ్ళకి చూపిస్తుంటాను.

ఇంకోటి. ట్రాన్స్‌ఫర్ కేస్ ఎన్‌లో ఉన్నప్పుడు పార్క్ బండిని ఆపదు. "పార్క్‌లోనే ఉంది కదా" అని హ్యాండ్‌బ్రేక్ లేకుండా దిగి ముందుకొచ్చి నిలబడితే జీపు మీ మీదికే వస్తుంది. చక్రాలకి దిమ్మలు పెట్టండి.

డాలీ గురించి: ఫోర్ వీల్ డ్రైవ్‌కి వద్దు. ముందు చక్రాలు కదలకుండా వెనకవి తిరుగుతుంటాయి, ఆ తేడా అంతా మధ్యలో ఉన్న గేర్ల మీద పడుతుంది. ఎప్పుడూ నాలుగు చక్రాలకీ శక్తి వెళ్ళే ఆల్ వీల్ డ్రైవ్ బండ్లలోనైతే మధ్య డిఫరెన్షియల్ ఉడికిపోతుంది. నాలుగు చక్రాలూ నేల మీదైనా ఉండాలి, లేదా నాలుగూ ట్రైలర్ మీదైనా ఉండాలి. రెండు పైనా రెండు కిందా కుదరదు.

జవాబు 2: పాతలారీ

పైన గ్రీజుచేతులు గారు గేర్ల సంగతి చెప్పేశారు, దాని జోలికి నేను పోను. లెక్కలోకి వద్దాం.

మీరు హిచ్ మీద అంకె చూసి ధైర్యపడ్డారు. ప్లేటు మీద రెండు అంకెలూ మీరే రాశారు గానీ తీసివేత చెయ్యలేదు. 11,793లోంచి 9,979 తీసేస్తే 1,814. మీ ఇల్లు నిండుగా సర్దుకుని ఉంటే వెనక లాగడానికి మిగిలేది 1,814 కిలోలే. మీ జీపు 1,950. అంటే 136 కిలోలు ఎక్కువ. హిచ్ 2,268 మోస్తానన్నా ఇంజనూ గేర్‌బాక్సూ ఛాసిస్సూ ఒప్పుకోవు. హిచ్, టో బార్, జీపుకి బిగించే బేస్ ప్లేటు, ఛాసిస్, ఈ నాలుగింటిలో ఏది తక్కువైతే అదే మీ హద్దు.

మోటర్‌హోమ్‌ని ప్రయాణానికి సర్దినట్టే సర్ది, మీరిద్దరూ ఎక్కి కూర్చుని తూయించండి. 11,793లోంచి జీపు 1,950 తీసేస్తే 9,843. అది దాటకపోతే జీపుని కట్టొచ్చు. దాటితే నీళ్ళ ట్యాంకు చూడండి. లీటరు నీళ్ళు కిలో. 280 లీటర్ల ట్యాంకు నింపుకుని వెళ్తే అయిదు బస్తాల సిమెంటు కంటే ఎక్కువ బరువు ఊరికే మోస్తున్నట్టు. దారిలో చేతులు కడుక్కోవడానికి సరిపడా ఉంచుకుని, మిగతాది దిగినచోట పట్టుకోండి.

బ్రేకులు దండగ అన్నాయన్ని ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని ఘాట్ రోడ్డు దింపండి, మాట మార్చేస్తాడు. మోటర్‌హోమ్ బ్రేకులు దాని సొంత బరువుకి లెక్కగట్టినవి. వెనక దాదాపు 2 టన్నులు తోస్తుంటే వాటికి ఆ లెక్క లేదు. "వెనక ఉన్నట్టే తెలీదు" అన్నాడే, అదే ప్రమాదం. లాగేటప్పుడు తెలీదు. ఆపేటప్పుడు తెలుస్తుంది, అది కూడా ముందు బండి సడన్‌గా ఆగినప్పుడు. చట్టం సంగతీ చూసుకోండి, దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో ఇలా లాగే కారుని ట్రైలర్ కిందే లెక్కేస్తారు, 750 కిలోలు దాటిన ట్రైలర్‌కి బ్రేకులు ఉండాల్సిందే.

బ్రేకులు రెండు రకాలు. ఒకటి జీపులో డ్రైవరు కాళ్ళ దగ్గర పెట్టే పెట్టె. మీరు ముందు బ్రేకు వేస్తే అది పెడల్‌ని నొక్కుతుంది. రెండోది శాశ్వతంగా బిగించేది. పెట్టె రకం తీసుకుంటే ఒక పని మరిచిపోవద్దు. ఇంజన్ ఆపాక బ్రేకు పెడల్‌ని నాలుగైదు సార్లు గట్టిగా తొక్కి, పెడల్ బిగుసుకున్నాకే పెట్టెని అమర్చండి. బ్రేకుకి బలాన్నిచ్చే బూస్టర్‌లో వ్యాక్యూమ్ మిగిలి ఉండగా అమర్చితే దాని కొలత తప్పుతుంది. దేని పుస్తకంలో ఏముందో అదే చెయ్యండి, కొన్నిటికి పద్ధతి వేరు.

మోటర్‌హోమ్‌లో ఎగ్జాస్ట్ బ్రేకు (డీజిల్ ఇంజన్ పొగ దారిని అడ్డుకుని వేగం తగ్గించేది) ఉంటే ఒక చిక్కుంది. మీది పెట్రోలు అయితే ఈ పేరా వదిలెయ్యండి. కొన్ని బండ్లలో ఎగ్జాస్ట్ బ్రేకు పనిచేస్తున్నప్పుడు వెనక ఎర్ర లైటు వెలుగుతుంది. ఆ లైటు సిగ్నల్‌తోనే పనిచేసే పెట్టె బ్రేకు, మీరు కాలు పెట్టకపోయినా దిగువ అంతా జీపు బ్రేకుని పట్టుకునే ఉంటుంది. ప్యాడ్‌లు పొగలు కక్కుతాయి. ఘాట్‌లో మీరు చెయ్యాల్సింది పాత పద్ధతే. ఎక్కిన గేరులోనే దిగండి, బ్రేకు గట్టిగా కాసేపు పట్టి వదలండి, అలాగే నొక్కి పట్టుకోకండి.

బ్రేకుతోపాటు ఒక సన్నటి తీగ ఉంటుంది, మోటర్‌హోమ్‌కి తగిలించేది. కర్మకాలి టో బార్ ఊడితే ఆ తీగ జీపు ముందున్న స్విచ్చి పిన్నుని లాగేస్తుంది, జీపు తనంతట తానే ఆగుతుంది. కొన్నరోజున ఆ పిన్నుని చేత్తో లాగి, బ్రేకు పడుతోందో లేదో చూడండి. చాలామంది ఆ పిన్నుని బండి అమ్మేదాకా ఒక్కసారి కూడా లాగరు.

రివర్స్ వద్దు. లారీ ట్రైలర్ వెనక్కి తోసి తోసి చేతులు కాయలు కాచిన నేనే చెబుతున్నాను, ఇది వేరే జంతువు. వెనక్కి తోస్తే జీపు ముందు చక్రాలు తమకి తోచినవైపు పూర్తిగా తిరిగిపోయి అడ్డంగా ఈడ్చుకొస్తాయి. ముందు వంగేది స్టీరింగ్ రాడ్డు, తరవాత టో బార్. పెట్రోలు బంకులోకి వెళ్ళేముందు బయటికి ఎలా వస్తారో చూసుకునే వెళ్ళండి. ఇరుక్కుంటే దిగి, జీపుని విప్పి, విడిగా తీసుకుని, మళ్ళీ కట్టుకోండి. వెనక హారన్లు మోగితే మోగనివ్వండి.

జవాబు 3: చెక్‌లిస్ట్‌అక్క

మా ఇంట్లో కట్టేదీ విప్పేదీ నేనే. మా వారు నడుపుతారు. ఈ పని ఒక్కరే చెయ్యాలి, మధ్యలో ఎవరూ పలకరించకూడదు అన్నది మా ఇంటి రూలు. రూలు ఎందుకొచ్చిందో చెబుతాను.

ఒకసారి నేను కడుతుంటే పక్క బండి ఆవిడ వచ్చి మా కుక్కపిల్ల పేరేంటని అడిగింది. పేరు చెప్పాను, కాసేపు నవ్వుకున్నాం, ఎక్కి కూర్చున్నాను. ఆరేడు కిలోమీటర్లు వెళ్ళాక ఒక కారాయన పక్కకొచ్చి హారన్ కొట్టి చేతులూపుతున్నాడు. మర్యాదగా నేనూ చెయ్యి ఊపాను. ఆయన వెనక్కి చూపించాడు. అద్దంలో చూస్తే జీపు వెనక చక్రాల దగ్గర పొగ. హ్యాండ్‌బ్రేక్ వదల్లేదు. మా వారికి స్టీరింగ్ దగ్గర రవ్వంత తేడా కూడా తెలియలేదు. అంత పెద్ద ఇంజన్‌కి అదొక లెక్కా! డ్రమ్ములు మార్చాల్సి వచ్చింది. అప్పట్నుంచి లామినేట్ చేసిన కాగితం స్టీరింగ్‌కే వేలాడదీశాను. ప్రతి పనీ వేలితో చూపించి, పైకి చదువుతాను. చూసేవాళ్ళకి పూజ చేస్తున్నట్టు ఉంటుంది.

పైవాళ్ళు చెప్పనివి కొన్ని.

టో బార్ పక్కనుంచి చూస్తే దాదాపు సమంగా ఉండాలి. జీపు వైపుకీ హిచ్ వైపుకీ తేడా 3 అంగుళాలు దాటితే, మెట్టు ఉన్న హిచ్ ముక్క వేసి సరిచెయ్యాలి. ఏటవాలుగా ఉంటే గట్టి బ్రేకు వేసినప్పుడు జీపు మోటర్‌హోమ్ కిందికైనా దూరాలని చూస్తుంది, పైకైనా ఎక్కాలని చూస్తుంది. సేఫ్టీ కేబుళ్ళు టో బార్ కింద ఒకదాన్నొకటి దాటేలా, ఇంటూ గుర్తులా తగిలించండి. మలుపులో లాగనంత వదులు ఉండాలి, నేలకి రాసుకోనంత బిగువు ఉండాలి.

కట్టాక మెల్లగా పది మీటర్లు ముందుకు పోనిచ్చి ఆపిస్తాను. ముడుచుకునే రకం టో బార్ చేతులు అప్పుడు సాగి లాక్ అవుతాయి. రెండూ లాక్ అయ్యాయా అన్నది కళ్ళతో చూస్తాను. అదే సమయంలో పక్కన నడుస్తూ నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయా అని కూడా చూస్తాను. మీకెవరైనా "చూశాను, తిరుగుతున్నాయి" అని చెబితే, ఎన్ని చూశావని అడగండి. ఒకవైపు నిలబడితే కనిపించేవి రెండే.

విప్పేటప్పుడు రెండు బండ్లూ ఒకే గీత మీద ఉండాలి. వంకరగా ఉన్నప్పుడు పిన్నులు బిగుసుకుంటాయి, సుత్తి తీసుకోవాలనిపిస్తుంది. తీసుకోకండి. మోటర్‌హోమ్‌ని కొంచెం ముందుకి జరిపి తిన్నగా చేసుకోండి.

దారిలో ఆగిన ప్రతిసారీ ఒక చుట్టు చుడతాను. ప్రతి చక్రం మధ్య భాగం దగ్గరికి చెయ్యి పెడతాను, ముట్టుకోను. ఒక్కటి మిగతావాటికంటే వేడిగా ఉంటే అక్కడ బ్రేకు రాసుకుంటోందనో, బేరింగు పోతోందనో అర్థం. వెనక జీపు టైరు పంక్చరైనా డ్రైవరుకి తెలియదు. టైరు చీలికలై మంటలంటుకునేదాకా లాక్కెళ్ళినవాళ్ళున్నారు. టైరు గాలి చెప్పే సెన్సర్లు జీపు చక్రాలకి కూడా పెట్టించండి.

బ్యాటరీ సంగతి మరిచిపోకండి. స్టీరింగ్ లాక్ పడకుండా తాళం తిప్పి ఉంచితే, సాయంత్రానికి బ్యాటరీ చచ్చి ఊరుకుంటుంది. పైగా పెట్టె బ్రేకు దాన్నే తాగుతుంటుంది. మోటర్‌హోమ్ నుంచి జీపు బ్యాటరీకి సన్నటి చార్జింగ్ వైరు వేయించండి. కొన్ని కొత్త మోడళ్ళలో బ్యాటరీ నెగటివ్ వైరు తీసెయ్యమని మాన్యువల్‌లోనే ఉంటుంది. అలాంటి బండైతే పెట్టె బ్రేకుకి కరెంటు ఎక్కడినుంచి వస్తుందో ముందే చూసుకోవాలి.

ఇల్లూబండీ (ప్రశ్న అడిగినవారు)

అందరికీ ధన్యవాదాలు. ఈ ఆదివారం అంతా ఇదే పని. ముందు పాతలారీ గారి లెక్క. ఇద్దరం ఎక్కి, నీళ్ళు నిండుగా పోసి తూయిస్తే 9,900 వచ్చింది. అంటే జీపుతో కలిపి 11,850, ప్లేటు మీదున్న దానికంటే 57 కిలోలు ఎక్కువ. మా ట్యాంకు కూడా సరిగ్గా 280 లీటర్లే! పావు వంతు ఉంచి మిగతాది వదిలేస్తే 9,690. ఇప్పుడు 153 కిలోల ఊపిరి ఉంది. మా ఆవిడ కుట్టు మిషను అందులో పడుతుందట, తను ముందే రిజర్వు చేసుకుంది.

తరవాత గ్రీజుచేతులు గారి అయిదు సెకన్ల పరీక్ష. చిన్న లివర్ ఎన్‌లో పెట్టాను. రివర్స్‌లో వేశాను, కదల్లేదు. నాకు సంతోషమేసి, డ్రైవ్‌లో ఎందుకులే అనుకున్నాను. మా ఆవిడ "రెండూ చెయ్యమన్నారు కదా" అంది. డ్రైవ్‌లో వేసి కాలు తీస్తే జీపు అంగుళం అంగుళం ముందుకి పాకింది, కిందినుంచి కరకరమని చప్పుడు. వెంటనే ఆపేశాను. లివర్ మాత్రం సరిగ్గా ఎన్ గీత మీదే ఉంది! మళ్ళీ పెట్టి చూస్తే ఒకసారి సరిగ్గా పడుతుంది, ఒకసారి పడదు. ట్రాన్స్‌ఫర్ కేస్ పోయిందంటారా? టెన్షన్‌గా ఉంది.

గ్రీజుచేతులు

పోలేదు, కంగారు పడకండి. మీ ఆవిడకి నా తరఫున నమస్కారం చెప్పండి.

లివర్‌కీ ట్రాన్స్‌ఫర్ కేస్‌కీ మధ్య ఒక రాడ్డుగానీ కేబుల్‌గానీ ఉంటుంది. దాని చివర ప్లాస్టిక్ బుష్‌లుంటాయి. వయసు మీదపడ్డ బండ్లలో అవి అరిగి, లివర్ ఇక్కడ పది జరిగితే అక్కడ ఎనిమిదే జరుగుతుంది. రోజూ టూ హైలోనే తిరిగేవాళ్ళకి ఇది జన్మలో తెలియదు. బండి కిందికి దూరి, పైన ఒకరు లివర్ కదుపుతుంటే ట్రాన్స్‌ఫర్ కేస్ పక్కనున్న ఆర్మ్ ఎంత జరుగుతోందో చూడండి (హ్యాండ్‌బ్రేక్ వేసి, దిమ్మలు పెట్టాకే కింద దూరండి). బుష్ మార్చి, లింకేజీ సరిచేస్తే అయిపోతుంది. చిన్న పని. పనిలో పని, ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ కూడా మార్పించండి. లాక్కెళ్ళిన దూరం చాలా బండ్ల ఓడోమీటర్‌లో పడదు, కానీ ఆ బేరింగులూ టైర్లూ అంత దూరమూ తిరిగినట్టే. ఎంత దూరం లాగారో ఒక డైరీలో రాసుకోండి.

కొత్తవారు: చిన్నచక్రం

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది కూడా ఫోర్ వీల్ డ్రైవే, కానీ చిన్న లివర్ లేదు, ఒక గుండ్రటి స్విచ్చి ఉంది. మంచు, మట్టి, ఇసుక అని బొమ్మలుంటాయి. దీన్ని ఎన్‌లో పెట్టడం ఎలా?

గ్రీజుచేతులు

బొమ్మల స్విచ్చి మాత్రమే ఉందంటే చాలావరకు దానికి ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్ ఉండదు. కొన్నిటికి పక్కన చిన్న గుంటలో బటన్ ఉంటుంది, పెన్ను మొనతో నొక్కాలి. మాన్యువల్ చూడండి. పేరు చూసి నమ్మొద్దు. గ్రాండ్ చెరోకీనే తీసుకోండి. క్వాడ్రా-ట్రాక్ 1 ఉన్నదానికి న్యూట్రల్ లేదు, నాలుగు చక్రాల మీద లాగకూడదు. క్వాడ్రా-ట్రాక్ 2 ఉన్నదానికి ఉంది, లాగొచ్చు. బయటినుంచి చూస్తే రెండూ కవలలే. హోండా సీఆర్‌వీ కూడా అంతే, 2014 వరకు వచ్చినవాటిని లాగొచ్చని కంపెనీయే చెప్పింది, 2015లో గేర్‌బాక్స్ మారింది, ఆ మాట పోయింది. పక్కింటాయన అదే మోడల్ లాగుతున్నాడంటే ఏ సంవత్సరానిదో అడగండి.

మీది లాగకూడదని తేలితే ట్రైలర్ ఒకటే దారి. షాఫ్టు విడదీసే కిట్లు కొన్ని బండ్లకి దొరుకుతాయి గానీ, ప్రతిసారీ కింద దూరే ఓపిక మీకుందో లేదో మీరే చూసుకోండి.

ఇల్లూబండీ

చివరి కబురు. బుష్ మార్పించాను. పాతది చేతిలోకి తీసుకుంటే పిండిలా రాలింది. ఇప్పుడు రివర్స్, డ్రైవ్ రెండింట్లోనూ జీపు రాయిలా నిలబడింది. పది సార్లు చేసి చూశాను, పదిసార్లూ అంతే.

నిన్న మొదటిసారి లాగాం, 110 కిలోమీటర్లు. మూడుచోట్ల ఆగి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాం, అన్నీ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి. పిన్ను లాగి చూస్తే బ్రేకు పడింది. వెనక కెమెరాలో చూస్తే ప్రతి మలుపులోనూ జీపు స్టీరింగ్ తనంతట తానే తిరుగుతోంది, ఎవరో కనిపించని డ్రైవరు కూర్చున్నట్టు. కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను, రోడ్డు చూడమని మా ఆవిడ కసిరింది.

ఒక్కటే మిగిలింది. జీపు ఎడమ ఇండికేటర్ వేస్తే రెండువైపులా మసకగా వెలుగుతోంది. బ్రేకు లైటు బాగానే ఉంది. జీపు సొంత వైరింగ్‌నే వాడుకుని, మధ్యలో డయోడ్లు (కరెంటుని ఒకవైపుకే పోనిచ్చేవి) పెట్టించాం. డయోడ్ పోయిందంటారా?

చెక్‌లిస్ట్‌అక్క

రెండువైపులా మసకగా అంటే ముందు ఎర్త్ వైరు చూడండి. సరిగ్గా తగలకపోతే కరెంటు వేరే బల్బు గుండా దారి వెతుక్కుంటుంది. బిగించినచోట పెయింటు ఉందేమో గీకండి.

ఇల్లూబండీ

ఎర్త్ వైరే అక్కా. బేస్ ప్లేటు పక్కన పెయింటు మీదే బోల్టు బిగించేశారు. గీకి, మళ్ళీ బిగించాను. ఎడమది ఎడమవైపే వెలుగుతోంది.